హెమ్‌లైన్

మా అమ్మ పేరు లోకంలో ఇంకెవరికీ లేదు. గొప్పకి చెప్పడం కాదు, నేను వెతికాను కూడా. మా తాతయ్య తన తల్లి పేరులోంచి ఒక ముక్క, పెళ్లాం పేరులోంచి ఒక ముక్క తీసి, రెండూ అతికించి కూతురికి పెట్టాడట. ఇద్దరినీ మంచి చేసుకుందామని చేసిన పని. ఇద్దరూ అలిగారు. ఆ అతుకుల పేరు తగిలించుకుని అమ్మ బడికి వెళితే పిల్లలు హెల్మెట్ అన్నారు. సైన్సు మాస్టారు హాజరు పిలుస్తూ హీలియం అని, తన హాస్యానికి తనే నవ్వుకునేవాడట. పెళ్లయ్యాక అమ్మ మా నాన్న చేతికి చిక్కింది. నాన్న టైలరు. ఏదో పాత విదేశీ ఫ్యాషన్ పుస్తకంలో గౌను అంచు దగ్గర బాణం గుర్తు వేసి రాసిన మాట చూపించి, నీ పేరు ఇంగ్లీషు వాళ్లకి కూడా తెలుసే అన్నాడట. ఆ మాట హెమ్‌లైన్. మధ్యలో ఒక అక్షరం చేర్చి, చివర కాస్త సాగదీస్తే ఇంచుమించు అమ్మ పేరే.

అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. కన్నతల్లిని పేరు పెట్టి పిలిచిన పాపాన నేనెప్పుడూ పోలేదు, ఇప్పుడు రాయబోతే చెయ్యి రావడం లేదు. ఆ మాటకొస్తే ఎవరూ పిలిచేవారు కాదు. నాకు అమ్మ, పెదనాన్నకి అమ్మాయి, వీధిలో వాళ్లకి ఆంటీ, కస్టమర్లకి టైలరుగారి భార్య. తాతయ్య పోయాక ఆ పేరు వాడే మనిషి నాన్న ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ మాత్రం ఊరందరి బదులూ వాడేవాడు. వీధి మొగలోంచే పిలుచుకుంటూ వచ్చేవాడు. దారం ఉండ కనపడకపోతే ఆ పేరు, టీ ఆలస్యమైతే ఆ పేరు, ఏమీ తోచకపోయినా ఆ పేరే. సంతోషం ఎక్కువైన రోజున మాత్రం హెమ్‌లైన్. ఊరికే అలా పిలవకండి, పేరు అరిగిపోతుంది అని అమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే వెళ్లేది.

ఇంటి ముందు గదే మా షాపు. కటింగ్ బల్ల, రెండు మెషిన్లు, ఒక నిలువుటద్దం, ట్రయల్ చూసుకునే వాళ్ల కోసం మూలగా కట్టిన పరదా. బడులు తెరవబోయే ముందు వచ్చే యూనిఫాంల సీజన్లో ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండదు. నాన్న కత్తిరించేవాడు, నేను మెషిన్ మీద కుట్టేదాన్ని, అమ్మ కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని హెమ్మింగూ హుక్కులూ చేసేది. నాకప్పటికి పెళ్లి మాట ఎత్తితే పెడల్ గట్టిగా తొక్కి మాట వినపడకుండా చేసే వయసు.

ట్రయల్ దగ్గర నాన్న పెద్దగా మాట్లాడేవాడు కాదు. పక్క కుట్టు దగ్గర గుడ్డని రెండు వేళ్లతో పట్టి చూసి లూజ్ అనో టైట్ అనో అనేవాడు, అంతే. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకున్నవాడు ఇంకెన్ని మాటలు పలుకుతాడు. అమ్మకి మాత్రం ఎప్పుడూ టేపు పెట్టలేదు. సొంత పెళ్లాన్ని టేపుతో కొలిచేవాడు టైలరెలా అవుతాడు అనేవాడు. అమ్మ వంటగదిలో ఉండగా గుమ్మంలో నిలబడి ఒకసారి చూసి, తిరిగొచ్చి కత్తెర పట్టుకునేవాడు. ఆ జాకెట్టు అమ్మ ఒంటికి అతికినట్టు సరిపోయేది. తర్వాత తీరికుండదని ఏటా సీజన్ మొదలుకాకముందే అది కుట్టేసేవాడు. ఆ ఏడు కూడా కుట్టాడు, ఆకుపచ్చది. అమ్మ దానికి హుక్కులు వేసుకుని, ఇస్త్రీ చేసి, బీరువాలో దాచుకుంది.

సీజన్ అప్పుడప్పుడే అందుకుంటోంది. నాన్న నీలం గుడ్డ బల్ల మీద పరిచి చాక్‌తో గీత గీస్తున్నాడు. గీత వంకర పోయింది. నాన్న గీత వంకర పోవడం నేనెన్నడూ చూడలేదు, అందుకే మెషిన్ ఆపి తలెత్తాను. చాక్ అలాగే గీసుకుంటూ బల్ల అంచు దాకా పోయి కింద పడింది. వెనకే ఆయనా పడ్డాడు.

ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట లేదు. మంచం ముందు గదిలోనే వేశాం, మేం షాపులో ఉండి ఆయన్ని వెనక గదిలో ఒంటరిగా పడెయ్యలేక. రెండు బడుల యూనిఫాం గుడ్డ అప్పటికే మా అరల్లో ఉంది. వద్దని తిప్పి పంపడానికి టైం దాటిపోయింది. అమ్మ ఎన్నడూ ముట్టుకోని కత్తెర ముట్టుకుంది. నాన్న ఖాకీ కాగితాల మీద గీసి పెట్టుకున్న పాటర్న్‌లు గుడ్డ మీద పరిచి, వాటి చుట్టూ గీసి, కత్తిరించింది. రెండు కత్తిరింపులకోసారి మంచం వైపు చూసేది. ఆ కత్తెర అలాగేనా పట్టుకోవడం అని ఆయన అరుస్తాడేమోనని. నాన్న చూస్తూనే ఉండేవాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

"తిట్టినా బాగుండును" అంది అమ్మ ఒకసారి, నాతో కాదు, గుడ్డతో.

మాటలు నేర్పే మేడం వారానికోసారి ఇంటికి వచ్చేది. నాకంటే మహా అయితే రెండేళ్లు పెద్దది, ఓపిక మాత్రం ముసలివాళ్లకున్నంత. కప్పు చూపించేది, దువ్వెన చూపించేది, తాళం చెవి చూపించేది. నాన్న ఆ వస్తువు వంక చూసి, నోరు తెరిచి, ఏదో పట్టుకోబోయి జారవిడిచినట్టు మూసేసేవాడు. కళ్లల్లో నీళ్లు తిరిగేవి. మతి పోలేదు, మాటకి వెళ్లే దారి తెగిపోయింది అని మేడం మాకు చెప్పింది. చేత్తో పని చేస్తూ రోజూ అనే మాటలు కొందరికి ముందుగా తిరిగి వస్తాయట, కనక షాపు మాటలతో ప్రయత్నించమంది. నీళ్లు, నొప్పి, బాత్‌రూం అనే మాటలు వచ్చాయంటే మీకు సగం బరువు తగ్గుతుంది, మొదట వాటి మీద పడండి అంది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నీళ్లూ నొప్పీ నేను మొహం చూసి కనిపెడతాను మేడం. నా పేరు అనిపించండి, చాలు."

పేర్లు అన్నిటికంటే కష్టం, అందులోనూ మీ పేరు నేనింతవరకూ వినలేదు అంది మేడం. దానికి దగ్గర మాట ఇంగ్లీషులో ఉందని, అది ఆయన పనిలో మాటేనని అమ్మ చెప్పింది. చెబుతూ సిగ్గుపడింది. ఆ మందుల వాసనలో, మాసిన దుప్పట్లు చంకన పెట్టుకుని నిలబడి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడింది. మేడం సరే, ప్రయత్నించండి అంది. అయితే ఒకే మాట పట్టుకుని రుద్దొద్దు, మిగతా మాటలు కూడా కలపండి, లేకపోతే ఆ ఒక్కటే నాలుకకి పట్టేస్తుంది అని హెచ్చరించింది. మొదటి సగం అమ్మకి వినపడింది. రెండో సగం వినపడలేదు.

ఇక చూడాలి. పొద్దున్నే నాన్న మొహం కడిగి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, సగం కుట్టిన స్కర్టు ఒళ్లో పరిచేది. ఆయన ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని స్కర్టు అంచు వెంట నడిపించేది. "హెమ్... లైన్. నేనే. అనండి, హెమ్... లైన్." తినిపిస్తూ అదే, ఒళ్లు తుడుస్తూ అదే, కాలు మడిచి చాపుతూ అదే. మా ఇంటికి స్కర్టు పొడవు పెంచమని వచ్చినవాళ్లు ఆ జపం విని, గుమ్మంలోనే నిలబడి, సంచీ లోపల పెట్టి వెళ్లిపోయేవారు. నేను పెడల్ తొక్కుతుంటే మెషిన్ కూడా ఆ రెండు ముక్కలే అంటున్నట్టుండేది.

ఆ రోజుల్లోనే పెదనాన్న వచ్చాడు. నాన్నకి అన్నగారు, వేరే ఊళ్లో ఉంటాడు, మా నాన్నంత గలగలా మాట్లాడే మనిషి కాదు. తమ్ముడి పక్కన కూర్చుని చచ్చుబడిన చెయ్యి నిమిరి, పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కొచ్చాడు. ఎందుకు కడుక్కున్నాడో మాకు తెలుసు. తర్వాత అమ్మతో, తన ఇంట్లో కింది గది ఖాళీగా ఉందని, కొడుకు ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు కనక లేవదీయడానికి, కూర్చోబెట్టడానికి మగమనిషి సాయం ఉంటుందని చెప్పాడు. నువ్వా నడుం పట్టుకునే తిరుగుతున్నావు, పిల్లా నువ్వూ మనుషుల్లా లేరు, వాణ్ణి నాకు అప్పగించు అన్నాడు. ఆయన మాటలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అమ్మకి వంగితే లేవడం, లేస్తే వంగడం కష్టంగా ఉంది.

అమ్మ నాన్న మీది దుప్పటి సరిచేసింది. "బడులు తెరిచేదాకా ఆగండి బావగారూ. అప్పటికి ఆయన నన్ను పేరు పెట్టి పిలిస్తే ఇక్కడే ఉంటారు. పిలవకపోతే తీసుకెళ్లండి. నేనెవరో తెలియని మనిషికి నేను చేసినా ఒకటే, మీరు చేసినా ఒకటే."

పెదనాన్న నా వంక చూశాడు. నేను మెషిన్ వంక చూశాను.

ఇదేం పందెం అమ్మా అని వంటగదిలో పోట్లాడాను. గిన్నె తోముతున్న చెయ్యి ఆపలేదు. చెయ్యడానికి భయపడి కాదే అంది. నేనెవరికి చేస్తున్నానో నాకు తెలుస్తోంది, ఎవరు చేస్తున్నారో ఆయనకి తెలియొద్దా అంది. తెలుసమ్మా, మేడం చెప్పిందిగా అన్నాను. మేడం ఆయన లోపలికి వెళ్లి చూసొచ్చిందా అంది.

మాట వచ్చింది. ఏ ఆర్భాటమూ లేకుండా, ఒక పొద్దున అమ్మ తడిగుడ్డ పిండుతుంటే వెనక నుంచి వచ్చింది.

"హెమ్‌లైన్."

కొంచెం నత్తి, చివర కొంచెం జీర, అంతే. అమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది, నీళ్లు చీర మీద కారాయి. నేను కత్తెర కింద పెట్టడం మరిచిపోయి దాంతోనే పరిగెత్తాను. ఆయన మళ్లీ అన్నాడు. అమ్మ మంచం మీద కూలబడి, ఆయన ఎడమచెయ్యి తన మొహానికేసి అదుముకుని, ఏడ్చినంత సేపు ఏడ్చింది. ఆ రోజు వచ్చిన ప్రతి కస్టమరుకీ చెప్పింది. బటన్ వేయించుకోవడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని ఆయనకి కూడా చెప్పింది. ఆయన పాపం ఏమనాలో తెలియక చాలా సంతోషం అన్నాడు. పెదనాన్నకి ఫోన్ చేసి, రావక్కర్లేదు బావగారూ అంది. ఆ గొంతులో ఉన్న గర్వం నేను మళ్లీ వినలేదు.

మర్నాడు నాన్న నన్ను చూసి హెమ్‌లైన్ అన్నాడు. అలవాటు కాబోలు అని నవ్వుకున్నాం. తర్వాత నీళ్ల గ్లాసు వంక చూసి అన్నాడు. ఫ్యాన్ ఆగిపోతే అన్నాడు. దుప్పటి తడిసిపోతే సిగ్గుతో మొహం పక్కకి తిప్పుకుని అన్నాడు. కాలు తిమ్మిరెక్కితే అరుస్తూ అన్నాడు. వద్దనడానికి అదే, ఇంకా కావాలనడానికి అదే. నారింజ రంగు షర్టు వేసుకుని కొరియర్ ఇచ్చే అబ్బాయి వస్తే వాడికీ అదే. వాడు నాకు చెప్తున్నారా అని అడిగాడు. ఆ మాట చుట్టంలా వచ్చి దెయ్యంలా కూర్చుంది.

మేడం వచ్చి విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది. కోప్పడలేదు. ఒక్క దారే తెరుచుకుంది, లోపలున్నవన్నీ అందులోంచే బయటికి రావాలని చూస్తున్నాయి అంది. కొన్నాళ్లకి మారవచ్చు, మారకపోనూ వచ్చు. కానీ ఆ మాట అన్నప్పుడల్లా ఆయన మనసులో ఒక్కో అర్థం ఉంది, మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం కాదు ఇది అని అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"గుర్తుపట్టారని నాకెలా తెలుస్తుంది?" అంది అమ్మ.

మేడం కళ్లజోడు పెట్టుకుని, కప్పూ దువ్వెనా సంచీలో సర్దుకుంది.

సీజన్ నెత్తికెక్కింది. తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని తెచ్చేవారు, ట్రయల్ పరదా ఊడి పడేదాకా లాగేవారు, నడుం దగ్గర బిగువనేవారు, పొడవు చాలదనేవారు. మధ్యలో మంచం మీంచి హెమ్‌లైన్, హెమ్‌లైన్. మొదట్లో అమ్మ ప్రతి పిలుపుకీ వెళ్లేది. నీళ్లా? కాదు. దిండా? కాదు. మరేంటి? హెమ్‌లైన్. వేలు పెట్టి ఒక్కోటీ చూపించేసరికి ఇద్దరికీ ప్రాణం విసిగేది. క్రమంగా రెండో పిలుపుకి వెళ్లసాగింది, తర్వాత మూడో పిలుపుకి. తినేది తినీ తినకుండా లేచేది. జుట్టు దువ్వుకోవడం మానేసింది. చేతికి ఏది దొరికితే అది కట్టుకునేది, పైట చుట్టూ బిగించి దోపుకుని కత్తెరో గరిటో పట్టుకు తిరిగేది. అలవాటైపోయి ఎవరం ఎవర్నీ చూసుకోవడం లేదు.

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. నాన్న పిలుస్తూనే ఉన్నాడు. అమ్మ కత్తిరిస్తున్న గుడ్డ వదిలేసి, గబగబా మంచం దగ్గరికి వెళ్లి, చెవులు మూసుకుని నిలబడింది.

"నీళ్లకి నా పేరు. ఉచ్చకి నా పేరు. తలుపు కొట్టిన ప్రతివాడికీ నా పేరు. ఇంక నాకేం మిగిల్చారు? నా పేరు నాకిచ్చెయ్యండి."

నాన్న బెదిరిపోయి చూశాడు. ఎడమచెయ్యి పైకి లేచింది. నోరు తెరిచాడు. ఏమన్నాడో చెప్పక్కర్లేదు. అమ్మ అక్కడే చతికిలబడి మంచం పట్టె మీద తల పెట్టుకుంది. నేను లేవలేదు. పెడల్ మీద కాలు పెట్టి అలాగే కూర్చున్నాను.

మరి రెండు రోజులకి అమ్మ ఒక పని చేసింది. వద్దన్నా వినలేదు. ట్రయల్ పరదా వెనక్కి వెళ్లి నిలబడి, పిలిస్తే నువ్వెళ్లు అంది నాతో. నాన్న పిలిచాడు. నేను వెళ్లాను. ఆయన నా మొహం చూశాడు, గ్లాసు చూశాడు. నీళ్లు పట్టాను. తాగి, మూతి తుడిపించుకుని, నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు. ఇంకెవరి కోసమూ వెతకలేదు. పరదా కింద అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి నాకు. చాలాసేపు కదల్లేదు అవి.

బయటికొచ్చాక అమ్మ ఏడవలేదు, అదే నన్ను భయపెట్టింది. "నువ్వెళ్లినా సరిపోయింది చూశావా" అంది. దాహమేసిన మనిషికి నీళ్లిచ్చే చెయ్యి ఎవరిదైతేనేం అమ్మా అన్నాను. అదే కదా నేనూ అంటున్నది అంది. ఆ పూటే పెదనాన్నకి ఫోన్ చేసి, బడులు తెరిచిన వారంలో కారు తీసుకురమ్మంది. వద్దమ్మా అని నేను ఎంతగా బతిమాలినా, పందెం నాదే, ఓడిందీ నేనే అని ఒకటే మాట. ఆ రోజు నుంచి నాన్నకి చెయ్యాల్సినవన్నీ చేసింది, ఒక్కటీ తగ్గించలేదు. ఆయనతో మాట్లాడ్డం మాత్రం మానేసింది. ఆయన పిలుపు తగ్గించలేదు. అమ్మ వినపడనట్టు తిరగడం, ఆయన కళ్లు ఆ తిరుగుడు వెంట తిరగడం, ఆ గదిలో కూర్చుని కుట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. కొన్ని స్కర్టులు తప్పు కుట్టి విప్పాను.

చివరి మూటలు కూడా వెళ్లిపోయాయి. అరలు ఖాళీ అయ్యాయి. బడికి పోయే పిల్లలు మేం కుట్టినవి తొడుక్కుని మా గుమ్మం ముందు నుంచే పోతున్నారు. పెదనాన్న పొద్దున్నే వచ్చాడు. కారు సందులోకి రాదని వీధి మొగలో ఆపి, డ్రైవరుని పిలుచుకురావడానికి వెళ్లాడు. నాన్న సంచీ గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. మందులు వేరే కవరులో. వాటిలో ఏది ఎప్పుడు వెయ్యాలో పెదనాన్న వెళ్లేముందే అమ్మ చెప్పింది, ఆయన తిరిగి ఒప్పజెప్పాడు.

అమ్మ తల దువ్వుకుంది. బీరువా తీసి ఆ ఆకుపచ్చ జాకెట్టు తీసి వేసుకుంది. ఎందుకు వేసుకుందో నేనడగలేదు. ఆయన కుట్టింది ఆయన ఒక్కసారైనా చూసి వెళ్లాలని కాబోలు.

నాన్నని కూర్చోబెట్టి, చొక్కా తొడిగింది. గుండీలు పెట్టడానికి ముందుకి వంగింది. నేను ఆయన వీపుకి నా మోకాలు ఆనించి పట్టుకున్నాను. నాన్న కాసేపు ఎదురుగా ఉన్న ఆ ఆకుపచ్చ గుడ్డనే చూశాడు. ఎడమచెయ్యి లేచింది. అమ్మ చంక కింద, పక్క కుట్టు దగ్గర, జాకెట్టుని బొటనవేలూ చూపుడువేలూ చేర్చి పట్టుకున్నాడు. పట్టుకుని, కొంచెం లాగి, ఎంత వస్తోందో చూశాడు. చాలా వచ్చింది. ఏళ్ల తరబడి ఆ నిలువుటద్దం ముందు వందల మందికి చేసిన పని అది, చెయ్యి మాత్రం మారింది. ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. పెదాలు బిగిశాయి, మధ్యలో సూదులున్నట్టు.

"లూజ్" అన్నాడు.

అమ్మ వేళ్లు రెండో గుండీ దగ్గర ఆగిపోయాయి.

నాన్న వేళ్లు కిందికి జరిపి నడుం దగ్గర పట్టుకున్నాడు. అక్కడా అంతే వచ్చింది. ఆయన తలెత్తి అమ్మ మొహం చూశాడు. గుమ్మంలో నిలబడి కొలత తీసుకునేటప్పుడు చూసినట్టే, ఆపాదమస్తకం చూశాడు. చూసి చూసి, ఆయన కళ్లు నిండాయి.

"లూజ్."

ఆ జాకెట్టు సీజన్ ముందటి అమ్మకి కుట్టింది. ఆ అమ్మలో ఎంత తరిగిపోయిందో ఆ రెండు వేళ్ల మధ్య ఉంది. ఇంట్లో ఎవరికీ పట్టలేదు, అమ్మకి కూడా పట్టలేదు.

"అవునండీ" అంది అమ్మ. "మీ కుట్టు తప్పు కాదు. నేనే తగ్గాను."

ఆయన కళ్లు కటింగ్ బల్ల మీద దేనికోసమో వెతుకుతున్నాయి. ఏంటో నాకు తెలిసింది. సూదుల డబ్బా తెచ్చి మూత తీసి పట్టుకున్నాను. ఒక సూది తీశాడు, ఎడమచేతికి లొంగలేదు, కింద పడింది. ఇంకోటి తీశాడు, అదీ పడింది. అమ్మ ఆయన చేతిని మళ్లీ కుట్టు మీదికి చేర్చి, "మీరు పట్టుకోండి, నేను పెట్టుకుంటాను" అంది. ఆయన గుడ్డ మడతపెట్టి పట్టుకున్నాడు. అమ్మ తల వంచి, ఆయన పట్టుకున్న చోట గుచ్చుకుంది. ఒక వైపు అయ్యాక రెండో వైపు తిరిగింది. ఆయన అటు కూడా పట్టాడు. ఇద్దరూ పనిలో ఉన్నారు, నేనక్కడ ఉన్నట్టే లేదు వాళ్లకి.

వీధిలో పెదనాన్న గొంతు వినపడింది. డ్రైవరుతో గుమ్మం దాకా వచ్చి, సంచీ ఇవ్వమ్మా అన్నాడు. అమ్మ అలాగే, సూదుల జాకెట్టుతోనే గుమ్మంలోకి వెళ్లింది.

"లోపలికొచ్చి టీ తాగి వెళ్లండి బావగారూ. ఆయన రారు."

పెదనాన్న తెల్లబోయాడు. "పేరు పెట్టి పిలిచాడా?"

"లేదు."

"మరి?"

"జాకెట్టు లూజైందన్నారు" అంది అమ్మ.

పెదనాన్నకి అర్థమైందో లేదో నాకు తెలియదు. అమ్మ మొహం మాత్రం చూశాడు. ఇంకేమీ అడక్కుండా చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఆ సంచీ తనే తీసుకెళ్లి వెనక గదిలో పెట్టాడు. తర్వాత ఆయన కొడుకు వారానికి రెండుసార్లు వచ్చి నాన్నని లేవదీసి నడిపించడం మొదలుపెట్టాడు, అది వేరే కథ.

ఆ మధ్యాహ్నం జాకెట్టుకి పక్క కుట్లు వేశాను. సూదులు ఎక్కడున్నాయో అక్కడే, ఒక్క దారం అటూ ఇటూ పోకుండా. అమ్మ వేసుకుని అద్దం ముందు నిలబడితే అతికినట్టు సరిపోయింది.

నాన్న నోటికి అమ్మ పేరు మళ్లీ రాలేదు. లూజ్ అనే మాట కూడా ఆ తర్వాత ఎప్పుడో తప్ప రాలేదు. హెమ్‌లైన్ మాత్రం పోలేదు. ఆ సాయంత్రం అమ్మ పొయ్యి మీద టీ పెట్టి చూసుకుంటూ ఉంటే ముందు గదిలోంచి అదే కేక. నీళ్లకో, ఫ్యానుకో, ఊరికేనో. నేను లేవబోయాను. అమ్మ నన్ను కూర్చోమని, పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుంది.

"వస్తున్నా" అంది.